బేరం ఎప్పుడు, ఎవరితో, ఏ కాగితం మీద



చర్ల దాటాక అడవి అంచున ఉన్న గూడేనికి తాగునీటి పని. టెండరు పిలిస్తే ఒక్కడే వేశాడు. అదీ అంచనా మీద 4.8 శాతం ఎక్సెస్. పిలిచి మాట్లాడి తగ్గించమని పైవారు చెబితే అలా చేయవచ్చా, రేపు ఆడిట్‌లో అది తప్పవుతుందా అన్నది నీ ఉత్తరంలోని ప్రశ్న. ప్రభుత్వ కొనుగోళ్లలో బేరం తప్పు కాదు. దానికి ఒక వేళ ఉంది, అంతే. ధర బయటపడక ముందు ఎంత మాట్లాడుకున్నా మంచిదే. ధర బయటపడ్డాక మాత్రం నోరు తెరవడానికి కాగితం మీద రాసిన కారణం ఉండాలి. మన ఆఫీసుల్లో జరిగేది చాలావరకు దీనికి తలకిందులు. టెండరు పిలిచే ముందు ఎవరితోనూ మాట్లాడరు, ధర తెరిచాక అందరూ మాట్లాడతారు.

ధర తెరిచాక బేరం ఉంటుందని తెలిసిన కాంట్రాక్టరు మొదటి ధరలోనే ఆ బేరానికి చోటు ఉంచుకుంటాడు. 2 శాతం ఎక్సెస్ వేయవలసినవాడు 4.8 వేస్తాడు. పిలిచినప్పుడు కాసేపు గునిసి, సార్ మాట కాదనలేకపోయినట్టు ముఖం పెట్టి, 3కి దిగుతాడు. ధర తగ్గించామని ఆఫీసు నోటు రాసుకుంటుంది. ఒక శాతం ఎక్కువకే పని పోయిందన్న సంగతి ఆ నోటులో ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జూలైలో నీటిపారుదల శాఖ ఇచ్చిన జీ.ఓ. 94 ఎక్సెస్‌కు 5 శాతం హద్దు పెట్టింది. ఉద్దేశం మంచిదే కానీ, హద్దు పెట్టిన చోట ధరలు వచ్చి ఆ హద్దు పక్కనే కూర్చుంటాయి. ఒంటరి టెండరు 4.8 దగ్గర, 4.9 దగ్గర ఆగితే అది లెక్క వేసి వచ్చిన అంకె కాదని అనుమానించాలి.

అందుకే కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1998 నవంబరులో, టెండరు తెరిచాక అందరికన్నా తక్కువ వేసిన ఎల్-1తో తప్ప ఇంకెవరితోనూ బేరం కుదరదని చెప్పింది. 2007 మార్చిలో ఇంకాస్త బిగించింది. ఎల్-1తో కూడా మామూలుగా బేరం వద్దనీ, ఒకే తయారీదారు దగ్గర దొరికే సరుకు, అమ్మేవారు కొద్దిమందే ఉన్న సరుకు, కాంట్రాక్టర్లు రింగు కట్టారన్న అనుమానం ఉన్న సందర్భం, ఈ మూడింట్లోనే మాట్లాడవచ్చనీ అంది. కేంద్రం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 173వ నియమానిదీ అదే ధోరణి. కమిషన్ ఆదేశాలు కేంద్ర సంస్థలకు, రాష్ట్ర శాఖలు నడిచేది రాష్ట్ర జీ.ఓ.ల మీద. అయినా ఈ మూడు సందర్భాల వెనుక ఉన్న ఆలోచన ఏ ఆఫీసుకైనా పనికొస్తుంది.

మొదటిదానికి ఉదాహరణ చర్ల ఉన్న జిల్లాకు కేంద్రమైన కొత్తగూడెంలోనే దొరుకుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో నడిచే పెద్ద షావెల్‌కో డంపర్‌కో స్పేర్ పార్టు కావలసివస్తే దాన్ని చేసిన కంపెనీయే అమ్మాలి. పోటీ లేని చోట టెండరు పిలవడం నాటకం. అక్కడ ఆ వస్తువు ఇంకెవరి దగ్గరా దొరకదని ధ్రువపత్రం రాసి, కిందటిసారి కొన్న ధర, అదే కంపెనీ ఇంకో గనికి అమ్మిన ధర ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడాలి.

రెండవది అడవి అంచు పనులకు సరిగ్గా సరిపోతుంది. దుమ్ముగూడెం, చర్ల మండలాల లోపలి గూడేలకు జూన్ దాటితే వాగులు దారి మూసేస్తాయి. యంత్రాలు పంపడానికి కాంట్రాక్టర్లు జంకుతారు. అలాంటి చోట ఒక్క టెండరే పడిందంటే రింగు కట్టారని కాకపోవచ్చు, మరెవరికీ ఇష్టం లేకపోవడం కావచ్చు. ప్రకటన సరిగా ఇచ్చి, అర్హతలు అనవసరంగా బిగించకుండా, ధర సబబుగా ఉంటే ఒంటరి టెండరును కూడా ఒప్పుకోవచ్చని కేంద్ర నియమాలే చెబుతున్నాయి. అయితే సబబు ధర అంటే ఎంత?

తల్లీ, మందలించవలసింది ఇక్కడే. వచ్చిన ఉత్తరంలో ఎక్సెస్ శాతం ఉంది, మెమో తేదీ ఉంది, పైవారు అన్న మాటలు మక్కీకి మక్కీ ఉన్నాయి. ఎస్టిమేటు ఏ ఏడాది ఎస్.ఎస్.ఆర్. (ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో వేసిందో, ఇసుకకూ కంకరకూ లీడు, అంటే మోసుకొచ్చే దూరం, ఎక్కడి నుంచి కట్టారో మాత్రం లేదు. ఇంజనీరింగ్ చదివిన పిల్ల మొదట రాయవలసింది అదే. లీడు మండల కేంద్రం వరకే కట్టి, అక్కడి నుంచి గూడేనికి ట్రాక్టరు పోని దారిలో సామాను చేర్చే ఖర్చు వదిలేస్తే, 4.8 శాతం ఎక్సెస్ నిజానికి చవక. బేరమాడి దాన్ని 3కి దించితే కాంట్రాక్టరు ఆ తగ్గింపును సిమెంటులోనో పైపు మందంలోనో రాబట్టుకుంటాడు. లీడు సరిగ్గానే ఉండి ధర మీద అనుమానం ఉంటే టెండరు రద్దు చేసి మళ్లీ పిలవడమే దారి. మొదట ఎస్టిమేటును సరిచూడాలి. బేరమాడాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది.

మూడవది రింగు. దీన్ని అర్థం చేసుకోవడానికి భద్రాచలం అడవిలో తునికాకు వ్యాపారాన్ని మించిన బడి లేదు. అది ప్రభుత్వం కొనేది కాదు, అమ్మేది. అయినా కిటుకు ఒకటే. 1971లో వచ్చిన చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యం అయింది. అడవిని యూనిట్లుగా విడగొట్టి, సీజనుకు ముందే టెండర్లు పిలుస్తారు. వేసవికి ముందు కొమ్మ కొట్టించి, చిగురు వచ్చి ముదిరాక ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో కల్లేదారు కట్టలు లెక్కపెట్టి, ఎండబెట్టించి, బస్తాలకు ఎక్కిస్తాడు. కొనేవారు కొద్దిమంది. ఏ యూనిట్ ఎవరు తీసుకోవాలో టెండరుకు ముందే వాళ్లలో వాళ్లు పంచుకుంటే ఈ యూనిట్‌కు ఒక్కడే వేస్తాడు, పక్క యూనిట్‌కు ఇంకొక్కడే వేస్తాడు, ఎవరి ధరా పెరగదు.

అప్పుడు అధికారి చేయగలిగింది ఏమిటి? ధర చాలదని తిప్పి పంపి రెండోసారి, మూడోసారి పిలవవచ్చు. కానీ ఆకు ఆగదు. సకాలంలో కోయకపోతే ముదిరి బీడీకి పనికిరాదు. కోత లేకపోతే గూడేల్లో ఎండాకాలం చేతికి వచ్చే డబ్బు ఉండదు. ఈ సంగతి అధికారికి తెలుసు, వ్యాపారికీ తెలుసు. బేరంలో అందరికన్నా బలమైన ఆయుధం కాలం. ఎవరికి గడువు ముంచుకొస్తుందో వాళ్లే దిగివస్తారు. రింగును విరగ్గొట్టాలంటే చెట్టు ఇంకా మోడుగా ఉన్నప్పుడే, మళ్లీ పిలవడానికి తీరిక ఉన్నప్పుడే టెండర్లు తెరవాలి. ఆర్థిక సంవత్సరం చివర మార్చిలో హడావుడిగా టెండర్లు తెరిచే ప్రతి శాఖకూ ఇదే వర్తిస్తుంది. మార్చి 25న తెరిచిన టెండరులో బేరమాడే శక్తి అంతా కాంట్రాక్టరు చేతిలోనే ఉంటుంది.

తునికాకులోనే ఇంకో బేరం కూడా ఉంది. ప్రభుత్వానికి కట్టే ధర టెండరులో తేలుతుంది. ఆకు కోసినవారికి కట్టకు ఇంత అన్న సేకరణ రేటు మాత్రం మాటల్లో తేలుతుంది. కూలీలు, సంఘాలు, అటవీ అధికారులు, కాంట్రాక్టర్లు అందరూ ఉన్న మాటలవి. ఆ రేటు పైసల నుంచి రూపాయల్లోకి రావడం వెనుక గిరిజన సంఘాల ఆందోళనలు ఉన్నాయి, మావోయిస్టుల ఒత్తిడీ ఉంది. పద్ధతి పరంగా చూస్తే అందులో రెండు మంచి గుణాలు కనిపిస్తాయి. అది కోతకు ముందే జరుగుతుంది. తేలిన రేటు ఒక గదిలో ఇద్దరి మధ్య ఉండిపోదు, అన్ని కల్లాల్లోనూ అందరికీ తెలుస్తుంది. ప్రభుత్వ కొనుగోలులో సంప్రదింపు అన్నది ఎలా ఉండాలో ప్రపంచంలోని పెద్ద పెద్ద పుస్తకాలన్నీ తిరిగి తిరిగి చెప్పేది ఈ రెండు గుణాలనే.

యూరోపియన్ యూనియన్ 2004లో తన కొనుగోలు చట్టంలో పోటీ సంప్రదింపు అనే పద్ధతిని చేర్చింది. 2014లో వచ్చిన కొత్త చట్టం దాన్ని విస్తరించి, పోటీతో కూడిన బేరం అనే పద్ధతినీ దాని పక్కన నిలబెట్టింది. ఏం కావాలో కొనేవారికి తెలిసి, ఎలా సాధించాలో తెలియనప్పుడు వాడేది సంప్రదింపు. అర్హులైనవారు కనీసం ముగ్గురిని పిలుస్తారు. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతారు. ఒకరు చెప్పిన ఉపాయాన్ని వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. మాటలు ముగిశాయని ప్రకటించాక అందరూ తుది ధరలు వేస్తారు, ఆ తర్వాత ధర మీద బేరం ఉండదు. రెండో పద్ధతిలో మొదటి ధరల మీద మాట్లాడుకోవచ్చు, తుది ధరల మీద మాట్లాడకూడదు. కనీస అవసరాలనూ, ఎంపిక కొలమానాలనూ మధ్యలో మార్చకూడదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ కమిషన్ 2011 నమూనా చట్టంలోనూ ఇలాంటి పద్ధతులున్నాయి. బ్రిటన్ 2025 ఫిబ్రవరి నుంచి వీటన్నిటినీ కలిపి, కొనేవారే దశలు రూపొందించుకునే ఒకే సరళ పద్ధతిగా మార్చుకుంది.

మన నియమాల్లో దీనికి దగ్గరి బంధువు రెండంచెల టెండరు. మొదట ధర లేని సాంకేతిక ప్రతిపాదనలు తీసుకుని, మాట్లాడి, స్పెసిఫికేషన్లు తేల్చుకుని, ఆ తర్వాతే ధరలు అడగడం. టెక్నికల్ కవరు, ప్రైస్ కవరు ఒకేరోజు తీసుకునే రెండు కవర్ల పద్ధతితో దీన్ని కలిపేయకూడదు. అందులో మాటలకు చోటు లేదు. ఇంకా చిన్న పనికి ప్రీ-బిడ్ మీటింగు చాలు. కానీ మన ప్రీ-బిడ్ మీటింగులు ఎలా జరుగుతాయంటే టీ వస్తుంది, హాజరు పట్టీ మీద సంతకాలు పడతాయి, ఎవరూ ఏమీ అడగరు. అడగవలసినవారు మీటింగు అయ్యాక ఫోనులో అడుగుతారు. ఆ ఫోను జవాబే అసలు నేరం. ఒకరికి చెప్పిన ప్రతి వివరణా కారిజెండంగా వెబ్‌సైటులోకి ఎక్కి అందరికీ చేరాలి. అలా ఎక్కించలేని జవాబు ఫోనులోనూ చెప్పకూడదు.

కరెంటు లైను లేని గూడేనికి నీళ్లు అన్నది నిజానికి సంప్రదింపుకు తగిన పని. ఆఫీసు ఎప్పటి స్పెసిఫికేషన్లే అంటించి బోరు, మోటారు, సింటెక్స్ ట్యాంకు అని రాస్తుంది. సోలార్ పలక మీద చెట్ల నీడ ఎన్ని గంటలు పడుతుంది? ఆగస్టులో వాగు పొంగితే మోటారు బాగుచేసేవాడు ఎలా వస్తాడు? గూడెంలోని యువకుడికే మరమ్మతు నేర్పి, విడిభాగాల పెట్టె అక్కడే ఉంచితే ఖర్చు ఎంత? ఊట నీరు ఉంటే మోటారే లేకుండా గొట్టంతో దించవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు ఎస్.ఎస్.ఆర్.లో ఉండదు. ఇలాంటి పనులు చేసినవారి దగ్గర ఉంటుంది, గూడెం పెద్దల దగ్గర ఉంటుంది. టెండరుకు నెల ముందు వాళ్లందరినీ భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసులో కూర్చోబెట్టి, చెప్పిందంతా రాసుకుంటే వచ్చే టెండర్లూ పెరుగుతాయి, ధరలూ నిలబడతాయి. ధర తెరిచాక ఒక శాతం కోసం గింజుకోవడం కన్నా ఇందులో మిగిలేది చాలా ఎక్కువ.

ఇక నామినేషన్. టెండరే లేకుండా ఒకరిని పిలిచి ఇచ్చేది. మీరట్ నగర నిగమ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, ప్రకృతి వైపరీత్యం, అత్యవసరం, ఒకే సరఫరాదారు, పదేపదే పిలిచినా ఎవరూ రాకపోవడం వంటి అరుదైన స్థితిలోనే నామినేషన్ చెల్లుతుందని చెప్పింది. పోటీ లేని చోట బేరం బరువు మొత్తం కొనేవారి మీద పడుతుంది. దీనికి పెద్ద ఉదాహరణ అడవి అంచునే, మణుగూరు దగ్గర, గోదావరి ఒడ్డున పొగగొట్టాలతో కనిపిస్తోంది.

తెలంగాణ ఏర్పడిన 2014లో కరెంటు కొరత తీవ్రంగా ఉంది. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం 6,000 మెగావాట్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ భెల్‌తో అవగాహన ఒప్పందం చేసుకుంది. అందులో భాగంగా 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రాన్ని టెండరు లేకుండా భెల్‌కు అప్పగించారు. 2015 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మొదటి అంచనా 7,290 కోట్ల రూపాయలు. ప్రభుత్వం చెప్పిన కారణాలు రెండు: భెల్ ప్రభుత్వ రంగ సంస్థ, రెండేళ్లలో పూర్తి చేస్తానంది. విమర్శ ప్రధానంగా సాంకేతికత మీద. దేశం సూపర్‌క్రిటికల్ ప్లాంట్ల వైపు మళ్లుతున్న రోజుల్లో, యూనిట్ కరెంటుకు బొగ్గు ఎక్కువ తినే సబ్‌క్రిటికల్ యంత్రాలను ఎందుకు తీసుకున్నారని, అవి వేరే ప్రాజెక్టు ఆగిపోవడంతో మిగిలినవని అడిగారు. పర్యావరణ అనుమతి లేకుండా పని మొదలైందని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపించింది. అనుమతి 2017 మార్చిలో వచ్చింది. మొదటి యూనిట్ 2020లో, నాలుగోది 2022 జనవరిలో ఉత్పత్తిలోకి వచ్చాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. మొదట జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, సుప్రీంకోర్టు జోక్యం తర్వాత జస్టిస్ మదన్ బి. లోకూర్ దానికి నాయకత్వం వహించారు.

రాజకీయం రాజకీయ నాయకులకు వదిలి పద్ధతి వరకే చూడాలి. నామినేషన్‌కు చూపిన కారణం తొందర, అంటే రెండేళ్ల గడువు. ఆ గడువుకు ఎదురు నిలవగల అతిపెద్ద అడ్డంకి అనుమతులు. అవి చేతిలో లేకుండా తొందర పేరుతో పోటీని వదులుకుంటే, పోటీ లేకపోవడం మిగులుతుంది, తొందర మిగలదు. ఇంకొకటి, బేరం ధర మీద జరిగితే చాలదు. ఏ యంత్రం అన్న ప్రశ్న ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు రావాలి. ఒకే అమ్మకందారు ఉన్నప్పుడు రెండో యంత్రాన్ని బల్ల మీద పెట్టేవారే ఉండరు. పెట్టవలసింది కొనేవారే.

ఒకే పక్షంతో మాట్లాడవలసివస్తే గదిలోకి వెళ్లే ముందే సొంత అంచనా రాసి, సంతకాలు చేసి, సీలు వేసి ఉంచాలి. ఇంతకు మించి ఒప్పుకోం అన్న అంకె అందులో ఉండాలి. ఒక్కరే వెళ్లకూడదు, సాంకేతిక శాఖ నుంచి ఒకరు, లెక్కల శాఖ నుంచి ఒకరు ఉండాలి. కంపెనీని మొత్తం ధర కాక భాగాలుగా ధర అడగాలి: సరుకు, కూలి, రవాణా, పన్ను, లాభం. మొత్తం మీద తగ్గించు అంటే అమ్మేవాడు నవ్వుతాడు, రవాణాకు ఇంత ఎందుకు అంటే కాగితాలు వెతుక్కుంటాడు. మినిట్స్ ఆ సాయంత్రమే రాసి ఇరుపక్షాల సంతకాలు తీసుకోవాలి. ఏం తగ్గింది అన్నదే కాదు, ఏ వాదన వల్ల తగ్గింది, ఏది తగ్గలేదు, ఎందుకు తగ్గలేదు అన్నదీ రాయాలి. చర్చించి సబబని నిర్ణయించడమైనది అన్న ఒక్క వాక్యంతో ముగిసే మినిట్స్ పదేళ్ల తర్వాత ఎవరినీ కాపాడవు. మంచి బేరమాడిన నిజాయితీపరుడైన అధికారి కూడా అలాంటి వాక్యం వెనుక నేరస్తుడిలాగే కనిపిస్తాడు.

మనుషుల మధ్య బేరాన్ని తీసేసి యంత్రానికి అప్పగించే దారి రివర్స్ టెండరింగు, అంటే ఆన్‌లైన్ వేలంలో ధరను కిందికి దించుకుంటూ పోవడం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది పోలవరం ముంపు కారణంగానే. ఆ పోలవరంలోనే 2019లో ఈ పద్ధతి ప్రయోగమైంది. అంతకుముందు 2018లో నామినేషన్ మీద చేతులు మారిన ప్రధాన డ్యాము పనులను, జలవిద్యుత్ కాంట్రాక్టును కొత్త ప్రభుత్వం రద్దు చేసి, పాత విలువే గరిష్ఠ ధరగా రెండింటినీ మళ్లీ పిలిచింది. 2019 సెప్టెంబరులో 4,987 కోట్ల పనికి 4,359 కోట్ల ధర వచ్చింది. 628 కోట్లు మిగిలాయని ప్రభుత్వం ప్రకటించింది. టెండరు వేసింది మాత్రం ఒక్క సంస్థే. ఒంటరి టెండరు కూడా 12.6 శాతం తక్కువకు రావడం చూస్తే పాత ధర ఎక్కువని అనుకోవచ్చు, లేదా తర్వాత పెంచుకునే వీలు చూసుకుని వేశారనీ అనుకోవచ్చు. పని మధ్యలో కాంట్రాక్టరును మార్చితే ఆలస్యం, ఖర్చు పెరుగుతాయని పోలవరం ప్రాజెక్టు అథారిటీ ముందే హెచ్చరించింది. పెన్నులు, కంప్యూటర్లు, సిమెంటు బస్తాల వంటి ఒకే రకం సరుకుకు రివర్స్ వేలం బాగా పనిచేస్తుంది. నేల అడుగున ఏముందో తెలియని పనికి అది సరిపడదు. ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన తర్వాతి ప్రభుత్వం 2024లో రివర్స్ టెండరింగును రద్దు చేసి పాత టెండరు పద్ధతికి తిరిగి వెళ్లింది.